హనుమకొండ వాకిట్లో బ్రాడ్‌ఫర్డ్ పియర్ వద్దు, ఉలిమిరి పెట్టండి

మార్చి వచ్చిందంటే అమెరికాలో చాలా ఊళ్లలో వీధి పొడవునా తెల్లటి పూలచెట్లు కనిపిస్తాయి. ఆకు ఇంకా విప్పుకోకముందే, కొమ్మ కనబడనంతగా పూస్తాయి. అవే బ్రాడ్‌ఫర్డ్ పియర్ చెట్లు. ఇక్కడ అమెరికాలో ఉంటూ హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్లలో కొందరికి, వాకిట్లో అలాంటి చెట్టొకటి ఉంటే బాగుండునని ఆశ. తెల్లపూల చెట్టు కావాలనుకోవడం మంచిదే. కానీ ఈ పియర్‌ను అక్కడికి తీసుకెళ్లొద్దు. ఇక్కడ మీ ఇంటి ముందు ఉన్నదాన్ని కూడా తీసేయడమే మేలు.

దీని పుట్టిల్లు చైనా. అమెరికా వ్యవసాయ శాఖ 1963లో బ్రాడ్‌ఫర్డ్ రకాన్ని అలంకరణ కోసం విడుదల చేసింది. దాని పుప్పొడి దానికే పనిచేయదు కాబట్టి కాయ కాయదనుకున్నారు. తర్వాత అదే జాతిలో వేరే రకాలూ అమ్మకానికి వచ్చాయి. తేనెటీగలు ఒకదాని పుప్పొడిని మరోదానికి మోశాయి, గోలీకాయంత గోధుమరంగు కాయలు కాశాయి, పిట్టలు తిని గింజల్ని పొలాల్లో, అడవి అంచుల్లో వదిలాయి. ఆ గింజలనుంచి మొలిచిన చెట్లకు ట్రాక్టర్ టైరును చీల్చేంత ముళ్లు. ఒహాయో 2023 జనవరి నుంచి, పెన్సిల్వేనియా 2024 ఫిబ్రవరి నుంచి, సౌత్ కరొలైనా 2024 అక్టోబరు నుంచి వీటి అమ్మకాన్ని నిషేధించాయి.

చెట్టు నిర్మాణం కూడా బలహీనమే. ఒకసారి దగ్గరికెళ్లి చూడండి: మొదటి పెద్ద కొమ్మలన్నీ మానుమీద ఒకేచోట, ఇరుకుగా నిటారుగా లేస్తాయి. రెండు కొమ్మల మధ్య చంకలో బెరడు లోపలికి ముడుచుకుని ఇరుక్కుపోతుంది, చెక్కకు చెక్క అతుక్కోదు. పదిహేను, ఇరవై ఏళ్లకు గాలివానో మంచు బరువో పడితే చెట్టు నడిమికి చీలి కారుమీదనో కప్పుమీదనో కూలుతుంది. కొట్టించేవాళ్లు ఆకు రాలాక, చలికాలంలో కొట్టించండి. నరికిన ఐదు నిమిషాల్లోపే మొద్దు అంచున బెరడు కిందున్న పచ్చని వలయానికి, డబ్బా మీద మొద్దులకు రాసిన పాళ్లలో గ్లైఫోసేట్ అనే కలుపుమందు కలిపి బ్రష్‌తో పూయండి. ఆలస్యమైతే మందు లోపలికి దిగదు, వేసవికల్లా మొద్దు చుట్టూ పిలకలు లేస్తాయి.

ఇక వరంగల్ సంగతి. మొగ్గ విప్పుకోవాలంటే ఈ చెట్టుకు 7 డిగ్రీలకు తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలాలి. మన దగ్గర జనవరి రాత్రులు కూడా మామూలుగా 15 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. అందుకే చిగురు ఆలస్యంగా, అక్కడక్కడా వస్తుంది. పూత దాదాపు ఉండదు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండకు ఆకు అంచులు మాడిపోతాయి. పైగా దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పెట్టెలో మొక్కో గింజో పెట్టుకుని ఇండియాకు తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారం తొలి ఏళ్లలో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును రోడ్ల వెంట బారులుగా నాటి, తర్వాత వద్దనుకున్న సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మళ్లీ అలాంటిది మన వాకిట్లోంచే మొదలు కావొద్దు.

మన వాగుల ఒడ్డున పెరిగే ఉలిమిరిని పెట్టండి. ఆయుర్వేదంలో వరుణ అంటారు. నర్సరీలో ఉలిమిరి అంటే తెలియకపోతే ఆ పేరుతో అడగండి. మార్చి, ఏప్రిల్‌లో బోడి కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా పూస్తుంది. రేకు తెల్లగా విచ్చుకుని తర్వాత లేత పసుపుకు తిరుగుతుంది, మధ్యలోంచి ఊదారంగు కేసరాలు పిల్లి మీసాల్లా బయటికి సాగుతాయి. మారేడులా మూడాకులు. ఆకు రాలి బోడిగా ఉన్న రోజుల్లో ఎండిపోయిందనుకుని పీకేసేవాళ్లున్నారు. గోటితో బెరడు గీరండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. వేర్లనుంచి పిలకలు వస్తాయి, ఎప్పటికప్పుడు కోసేయాలి. ప్రహరీకి, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు 12 అడుగుల దూరం తప్పనిసరి.

కొత్త ఇంటి దగ్గర మొక్క చావడానికి ఎక్కువసార్లు కారణం ఎండ కాదు, గుంత. పైన నాలుగు అంగుళాల ఎర్రమట్టి పరుస్తారు, కింద సిమెంటు గడ్డలు, కంకర, సున్నం అలాగే ఉంటాయి. ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అనుమానించాల్సింది ఆ సున్నాన్నే. మే నెలలో మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వి ఆ చెత్తంతా ఏరిపారేయండి. చెల్క (ఎర్ర ఇసుక) నేలైతే అడుగున మొరం పొర తగులుతుంది, గడ్డపారతో పగలగొట్టకపోతే వానాకాలం గుంతలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మూడు వారాలు ఎండనిచ్చి, పైమట్టిలో రెండు తట్టల మాగిన పశువుల పెంట, కిలో వేపపిండి కలిపి నింపండి. పచ్చి పెంట వేస్తే చెదలు పడతాయి.

రెండు మంచి వానలు పడ్డాక, ఆరుద్ర కార్తెలో నాటండి. పదడుగుల మొక్క కోసం డబ్బు పోయొద్దు, దాని వేర్లు సంచిలో చుట్టలు చుట్టుకుని ఉంటాయి. మూడడుగులది చాలు. సంచి పూర్తిగా కోసి తీసేయాలి. కాండం మొదలు నేలతో సమంగా ఉండాలి, మట్టిలో పూడిస్తే మెడ కుళ్లు వస్తుంది.

చోటు ఎక్కువుంటే రేల కూడా పెట్టండి. గేటు పక్కన రెండు తంగేడు మొక్కలు పెడితే బతుకమ్మకు పువ్వు ఇంట్లోనే దొరుకుతుంది.

మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు 20 లీటర్ల చొప్పున నీళ్లు పోయాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు బకెట్లు మోయలేరు. అడుగున సూదిబెజ్జం పెట్టిన 20 లీటర్ల క్యాన్ మొక్క పక్కన ఉంచి, దాన్ని నింపే పని వాచ్‌మన్‌కు జీతంతో అప్పగించండి. వీడియో కాల్‌లో మొక్కను కాదు, మొదట్లోని మట్టిని చూపించమనండి.