ఎలుకకు ఆకు సారం ఒక్కటే.. మనిషికి మాత్రతో కలిపి!

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో రాసిచ్చిన మాత్రలూ, బేగంబజార్‌లో కట్టించుకున్న మూలికల పొట్లమూ ఒకే సంచిలో ఇంటికి చేరడం హైదరాబాద్‌లో వింతేమీ కాదు. మాత్రలు వేసుకుంటే పిల్లాడు మొద్దుబారిపోతున్నాడని తల్లి బాధ. ఆకుమందే కదా, ఏం చేస్తుందిలే అని రాత్రి పాలల్లో చెంచాడు చూర్ణం కలుపుతుంది. ఆమెను తప్పుపట్టలేను. ఆమెకు జవాబు చెప్పాల్సిన పరిశోధన మధ్యదారిలో ఆగిపోతోంది.

మూలికల్లో మందు లేదనడం చరిత్ర తెలియని మాట. సర్పగంధి వేరు మతిభ్రమణానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. ఆ మందిస్తే కదలకుండా పడి ఉన్న జంతువులను ఎల్-డోపాతో లేపిన స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ప్రయోగాలు, మెదడులో సంకేతాలు మోసే రసాయనం డోపమిన్ పాత్రను తేల్చాయి. ఎల్-డోపా మెదడులో ఆ డోపమిన్‌గానే మారుతుంది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. బీపీ పడిపోవడం, దిగులు వంటి ఫిర్యాదులతో, అంతకన్నా మెరుగైన మందుల రాకతో రిసర్పిన్ మానసిక వైద్యం నుంచి తప్పుకుంది. మేలూ కీడూ ఒకే వేరులో ఉన్నాయి.

ఇప్పటి ప్రయోగాల సంగతి చూడండి. ఆకు పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని గొట్టంతో ఎలుక కడుపులోకి ఎక్కిస్తారు. డోపమిన్‌లా పనిచేసే అపోమార్ఫిన్ ఇచ్చిన చిట్టెలుక జాలీ పంజరం పట్టుకుని పైకి ఎగబాకుతుంది. సారం ఆ ఎగబాకడాన్ని తగ్గిస్తే సైకోసిస్‌ను, అంటే మతిభ్రమణాన్ని, తగ్గించే గుణం ఉందంటారు. ఒట్టి మత్తుతోనూ అది తగ్గుతుంది కాబట్టి చురుకుదనాన్ని విడిగా కొలవాలి.

ఇంకో పరీక్ష కేటలెప్సీ, అంటే ఒళ్లు బిగుసుకుపోవడం. ఎలుక ముందుకాళ్లను అడ్డంగా బిగించిన సన్నటి కడ్డీ మీద పెట్టి స్టాప్‌వాచ్ నొక్కుతారు. మామూలు ఎలుక వెంటనే కాళ్లు దించేసుకుంటుంది. డోపమిన్‌ను అడ్డుకుని సైకోసిస్‌ను తగ్గించే మాత్ర హాలోపెరిడాల్ ఇచ్చిన ఎలుక ఎలా పెడితే అలాగే బిగుసుకుని ఉండిపోతుంది. దానికి సారం కూడా ఇస్తే ఇంకా ఎక్కువసేపు ఉండిపోయిందనుకోండి. పరిశోధన పత్రంలో అది విజయం, డోపమిన్‌ను అడ్డుకుందనడానికి ఆనవాలు. ఇంట్లో ఉన్న ఆ కుర్రాడికి మాత్రం అదే ఒళ్లు బిగుసుకుపోవడం. ఏ బాధ తప్పించాలని తల్లి చూర్ణం కలిపిందో ఆ బాధే ముదరొచ్చు. ఆ అంకెను ప్రభావం పట్టికలో వేసుకుని, భద్రత పట్టికలో వేయకపోవడం నాకు మింగుడుపడదు.

భద్రత పేరుతో తరచూ చూపించేది ఓఈసీడీ 423 పరీక్ష, అంటే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ నిర్దేశించిన విష పరీక్ష. కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దాకా ఒకే ఒక్క మోతాదు, 14 రోజుల పరిశీలన. ఎలుక చావకపోతే సురక్షితమని రాసేస్తారు. రోగి మాత్రం మందును ఏళ్లకేళ్లు వాడాలి. మోతాదు లెక్కా చూడాలి. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే, శరీర ఉపరితలం లెక్కన 60 కిలోల మనిషికి సుమారు 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల పొడికి పది గ్రాముల సారం దిగుతుందనుకుంటే, రోజుకు 39 గ్రాముల పొడి. చెంచాతో తేలదు.

జాతీయ పోషకాహార సంస్థ, జీనోమ్ వ్యాలీ, ఇన్ని ఫార్మసీ కాలేజీలు ఉన్న నగరం మనది. ఇక్కడ నేను కోరేది ప్రయోగంలో ఇంకొక్క గుంపు: మాత్ర ఒక్కటే ఇచ్చినవి, సారం ఒక్కటే ఇచ్చినవి, వాటితో పాటు రెండూ కలిపి ఇచ్చినవి. 28 రోజులు ఇచ్చి, కాలేయం చూసి, రక్తంలో మందు ఎంతుందో కొలవాలి. సైకోసిస్‌కు వాడే క్లోజాపిన్ మందును కరిగించే కాలేయ ఎంజైమును పొగాకు పొగ చురుకు చేస్తుంది. రోగి ఉన్నట్టుండి సిగరెట్ మానేస్తే రక్తంలో మందు పెరుగుతుంది. పొగకే ఇంత ప్రభావం ఉంటే, రోజూ కడుపులోకి వెళ్లే ఆకును పట్టించుకోకుండా ఎలా? జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలు ఈ మూడో గుంపు ఏదని అడగాలి. ప్రాణాలు తీసి తెచ్చే ఫలితం రోగి ఇంటిదాకా చేరాలి కదా.

ఈలోగా ఓపీలో చేయదగ్గ పని ఒకటుంది. తిడతారన్న భయంతో తల్లి ఆ పొట్లం సంగతి డాక్టర్‌కు చెప్పదు. ఓపీ చీటీలో మాత్రల పేర్ల పక్కనే ఇంకో గడి పెట్టి, ‘ఇంట్లో ఇంకేం ఇస్తున్నారమ్మా?’ అని అడిగి, ఆ చూర్ణం పేరు కూడా రాసుకోవాలి.