శ్వాస కాలమ్‌లో పాతుకుపోయిన 20 గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన 20 గారికి,

నమస్కారమండి. మీరు కులాసాగానే ఉంటారని తెలుసు, వార్డులో ఎవరికేమైనా మీకు మాత్రం ఏమీ కాదు కదా. టెంపరేచర్ పెరుగుద్ది, పల్స్ మారుద్ది, పేషెంట్ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నాడో చార్టులో రాసే కాలమ్‌లో మీరు మాత్రం పొద్దున 6కి 20, 10కి 20, మధ్యాహ్నం 2కి కూడా 20. కాలు విరిగినాయనకీ మీరే, హెర్నియా ఆపరేషన్ అయినాయనకీ మీరే, ఆయాసంతో పడుకోలేక దిండు వీపు వెనక పెట్టుకుని కూర్చుని రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునే పెద్దాయనకీ మీరే.

నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌నండి. పిల్లలకి క్లినికల్ జడ్జ్‌మెంట్ నేర్పాలి మేము. క్రిస్టీన్ టానర్ అనే ఆవిడ 2006లో దాన్ని నాలుగు భాగాలు చేసి చెప్పారు, గమనించడం, దాని అర్థం పట్టుకోవడం, దానికి తగ్గట్టు చెయ్యడం, చేసింది సరిగ్గా ఉందా అని మళ్ళీ ఆలోచించుకోవడం. బోర్డు మీద రాసి చెప్తాం, పిల్లలు పరీక్షలో నీట్‌గా రాస్తారు, వార్డుకెళ్ళాక మొదటిదాని దగ్గరే మీరు అడ్డంగా కూర్చుని ఉంటారు, ఇక మిగతా మూడింటి దాకా వెళ్ళేదెవరు.

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసండి. పుస్తకంలో నిండు నిమిషం లెక్కపెట్టమని ఉంటుంది. టైమ్ లేదని 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించడం మొదలైంది, అలా చేస్తే 16, 20, 24 లాంటివే వస్తాయి, 21, 22, 23 అనే అంకెలు ఆ వార్డులో పుట్టవు. తర్వాత ఆ 15 సెకన్లు కూడా పోయాయి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి మార్చేస్తాడు కాబట్టి, పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఛాతీ వైపు చూడమని నేర్పిస్తాం. మావాళ్ళు చెయ్యి పట్టుకోవడం బాగానే నేర్చుకున్నారు, ఛాతీ వైపు చూడటమే మానేశారు.

అందులోనూ మీరు భలే చోటు చూసుకున్నారండి! పేషెంట్ పరిస్థితి దిగజారుతుందేమో ముందే పసిగట్టడానికి బ్రిటన్‌లో వాడే న్యూస్ 2 స్కోరులో ఊపిరి 12 నుంచి 20 దాకా సున్నా, 21 వచ్చిందంటే ఒకేసారి 2 పాయింట్లు, 25 నుంచి 3. అంటే ఒక్క ఊపిరి ఎక్కువైతే ఎవరో ఒకరు లేచి వచ్చి చూడాలి. మీరు సరిగ్గా ఆ గీతకి ఇవతల కూర్చుని ఎవర్నీ లేవనివ్వరు.

పిల్లల్నే అంటే పాపమండి. ఫస్టియర్ అమ్మాయి కొత్త వాచీ పెట్టుకుని నిజంగానే నిమిషం లెక్కపెట్టి 26 రాస్తుంది. 'ఏంటమ్మా 26 వేశావ్, రౌండ్స్‌లో సార్ అడిగితే ఎవరు చెప్తారు, 20 వెయ్' అంటారు సీనియర్లు. కాలమ్ ఖాళీగా ఉంటే తిడతారు గానీ మిమ్మల్ని రాసినందుకు ఎవర్నైనా తిట్టగా చూశారా? ఆ రోజుతో ఆ పిల్లకి జడ్జ్‌మెంట్ వచ్చేసింది, పేషెంట్ గురించి కాదులెండి, డ్యూటీ గురించి. సీనియర్లకీ కారణం ఉంది, 30 మందికి తలా నిమిషం అంటే అరగంట, మందులు, సెలైన్లు, ఫోన్లు ఎవరు చూస్తారు.

కానీ ఆ 26 దగ్గరే కదండీ పాఠం అంతా ఉండేది. నొప్పా, జ్వరమా, లోపల రక్తం పోతుందా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డం పడిందా? ఆక్సిజన్ 97 చూపిస్తుంది కదా అనుకుంటే, గబగబా ఊపిరి తీసుకోబట్టే 97 నిలబడిందేమో. షుగర్ పేషెంట్ లోతుగా, వేగంగా పీలుస్తుంటే అది ఊపిరితిత్తుల గొడవ కాకపోవచ్చు, రక్తంలో ఆమ్లం పెరిగి ఉండొచ్చు. నొప్పికి మార్ఫిన్ ఇచ్చిన పేషెంట్‌కి 8 వస్తే ఆ మందే ఊపిరిని నెమ్మది చేసి ఉండొచ్చు, హాయిగా నిద్రపోతున్నాడని దుప్పటి కప్పి రాకూడదు. పొద్దున ఎంత ఉందో చూడమ్మా అని అడుగుదామంటే పొద్దున మీరున్నారు, నిన్న రాత్రీ మీరే, ఇక పెరిగిందో మొదట్నుంచీ అంతేనో ఎవరికి తెలుసు.

ఊళ్ళో ఏఎన్ఎమ్ దగ్గర మీ పప్పులు ఉడకవండి. దగ్గుతున్న పిల్లాడిని తల్లి ఒళ్ళో ఉంచి చొక్కా పైకి తీసి నిండు నిమిషం లెక్కపెట్టాలని ఆవిడకి నేర్పిస్తారు, 2 నెలల నుంచి ఏడాది లోపు అయితే 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు అయితే 40, అది చేరితే న్యుమోనియా అనుకోవాల్సిందే, డొక్కలు ఎగరేస్తున్నాడా అనేది కూడా చూడాలి.

అన్నట్టు అమెరికా వెళ్దామని అక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసేవాళ్ళకి 2023 ఏప్రిల్ నుంచి పేపర్ మారింది, పేషెంట్ వివరాలన్నీ ఇచ్చి ఇందులో ముందు దేన్ని పట్టించుకోవాలో చెప్పమంటారు. నాలుగేళ్ళు మిమ్మల్ని చూసి చూసి మా పిల్లల కన్ను ఆ కాలమ్ మీద ఆగదండి, జారిపోద్ది.

అందుకని మా బ్యాచ్‌కి వచ్చే పోస్టింగ్ నుంచి ఒక రూల్ పెట్టాను. 20 రాసినవాళ్ళు నా ముందు మళ్ళీ లెక్కపెట్టాలి, నిజంగా 20 వస్తే సంతకం పెడతా. మీకు ఇబ్బందైతే బదిలీకి అప్లై చేసుకోండి. బీపీ కాలమ్ మాత్రం అడక్కండి, అక్కడ 120/80 గారు ఖాళీ చేసేలా లేరు, ఆయన ఉత్తరం వచ్చే వారం.

ఇట్లు,
వాచీ చేతికి పెట్టుకున్న ఒక ట్యూటర్