సంక్రాంతికి మావారు ఎందుకు రాలేదంటే

మొన్న సంక్రాంతికి నెల్లూరు కల్యాణ మండపంలో మన సంఘం వాళ్లు పెట్టిన ఆత్మీయ సమ్మేళనానికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. జంటల్ని వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతున్నారు. నా వంతు వచ్చేసరికి మైకు పట్టుకున్నాయన "వీరి శ్రీవారు అమెరికాలో పిల్లల చేత బంతాట ఆడిస్తుంటారు, అందుకే తీరిక దొరకలేదు" అన్నారు. హాలంతా నవ్వింది. ముందు వరసలో మా అత్తమ్మ ఉంది. ఆవిడ తల దించుకోవడం చూశాను. శాలువా కప్పించుకుని దిగి వచ్చేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మావారు టెక్సస్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు, ఫుట్‌బాల్ కోచ్. అక్కడ సాకర్ అంటారు. జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సీజను. మన సంక్రాంతీ, ఉగాదీ రెండూ అందులోనే పోతాయి. మంగళవారం, శుక్రవారం మ్యాచ్‌లు. దూరపు ఊళ్లో ఆటయితే పిల్లల్ని బస్సులో వెనక్కి తెచ్చి, చివరి పిల్లాడి కోసం వాళ్లమ్మ కారు వచ్చేదాకా పార్కింగ్‌లో నిలబడి, ఇంటికొచ్చేసరికి 11 గంటలు. సాక్సులు విదిలిస్తే కృత్రిమ గడ్డిలోని నల్ల రబ్బరు రవ్వలు జలజలా రాలతాయి. పెళ్లయి 12 ఏళ్లు, నా వాషింగ్ మెషీన్‌లో ఆ రవ్వలు లేని వారం లేదు. గెలిస్తే మామిడికాయ వేసిన చేపల పులుసు వేడి చేయమంటారు. ఓడితే పెరుగన్నం చాలంటారు. నేనిక ఏమీ అడగను.

మ్యాచ్‌కి వెళ్తే గ్యాలరీలో ఓ చివర కూర్చుంటాను. "మావాణ్ని ఆడించకుండా ఎందుకు కూర్చోబెట్టాడు, ఈ కోచ్‌కేం తెలుసు" అని వెనక నుంచి మాటలు. నేను ఆయన భార్యనని వాళ్లకి తెలియదు. ఒకటి రెండుసార్లు ఆ మాటలు తెలుగులోనే విన్నాను.

పిల్లల సంపాదన గురించి మన కన్నవాళ్ల భయం నాకు తెలియంది కాదు. పొలం అమ్మి చదివించిన ఇళ్లు మనవి. "ప్యాకేజీ ఎంత" అనే ప్రశ్న వెనక ఆనాటి అప్పులుంటాయి. కానీ మా అత్తగారిది ఒంగోలు దగ్గర పల్లె. మామగారు బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని సాకేవారు. ఉలవలు ఉడకబెట్టి పెట్టేవారు, తెల్లారకముందే బండ కట్టి నడిపించేవారు. గెలిచిన జతతో ఆయన వస్తుంటే ఊరు ఊరంతా డప్పులతో ఎదురెళ్లేది. నీకెంత మిగిలిందని ఎవరూ అడగలేదు. ఆయన కొడుకు పిల్లల్ని తయారుచేస్తుంటే మనకి నవ్వెందుకొచ్చింది?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మన దేశం బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పుడు హైదరాబాద్‌లో బడిపంతులు. క్యాన్సర్‌తో మరుసటి ఏడాదే పోయారు. ఆ బంగారం మళ్లీ మనకి రాలేదు. మావారి బల్ల మీద, దేవుడి పటం పక్కన, రహీం గారి ఫొటో ఉంటుంది.

మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. బడులకి కంప్యూటర్లు ఇస్తున్నాం, ఇవ్వాల్సిందే. ఈసారి ఒక్క బడికైనా రెండు గోల్ పోస్టులు, పది బంతులు కూడా చేర్చండి. జూన్‌లో మావారికి సెలవులు. నెల్లూరొచ్చి రెండు వారాలు ఉచితంగా నేర్పుతానంటున్నారు. ఎండలంటారా, పొద్దున ఐదున్నరకే మొదలుపెడతారు. గట్టు మీద అత్తమ్మకి ఒక కుర్చీ వేయిస్తే చాలు.