పంటి నిర్మాణం మొదటి ఏడాదితో అయిపోయే పాఠమా?

దంత వైద్య విద్యలో పంటి నిర్మాణానికి, నోటి కణజాలాలకు కేటాయించిన గంటలు తగ్గించాలనే వాళ్లు అసలు జబ్బును వదిలేసి వేరేచోట మందు రాస్తున్నారు. పాఠం బరువు కాలేదు, దాన్ని మొదటి ఏడాదిలోనే పూడ్చిపెట్టడం వల్ల చచ్చుబడింది. స్లైడ్ చూసి గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లతో రికార్డులో బొమ్మ దించడం, వైవాలో పేర్లు అప్పజెప్పడం, పరీక్ష కాగానే మరిచిపోవడం... చాలాచోట్ల జరుగుతున్నది ఇదే.

ఆ స్లైడ్‌నే కాస్త నిదానంగా చూడండి. ఆమ్లంతో ఖనిజాన్ని తీసేసి కోసిన పంటిలో పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్ ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే కాబట్టి అది కరిగిపోయింది. విద్యార్థి ఆ ఖాళీని శ్రద్ధగా గీస్తాడు, ఎందుకని ఎవరూ అడగరు. పన్ను చిగురు దాటి వచ్చేసరికే ఎనామిల్‌ను కట్టిన కణాలు అంతరించిపోతాయి. అంటే డ్రిల్లుతో తీసేసిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొరను కట్టే కణాలు మాత్రం, పంటి మధ్యలోని మెత్తటి కణజాలమైన పల్ప్ అంచున బతికే ఉండి ఏళ్ల తరబడి కొత్త పొరలు వేస్తుంటాయి. వయసు పెరిగేకొద్దీ పల్ప్ గది ఇరుకవుతుంది. లేత వయసు పంటిలో అది విశాలం, కాస్త లోతుకు వెళ్లినా పల్ప్ బయటపడుతుంది. చెయ్యి ఎక్కడ ఆపాలో చెప్పేది ఈ పాఠమే.

పై దవడలో నమిలే పెద్ద పన్ను అయిన మొదటి మోలార్‌కు మామూలుగా మూడు వేర్లు. రూట్ కెనాల్ చికిత్సలో, వేర్ల లోపల పల్ప్ ఉండే మూడు కాలువలు దొరకగానే పని అయిందనుకుంటే, బుగ్గవైపు ముందు వేరులో తరచూ ఉండే రెండో కాలువ మిగిలిపోతుంది. అందులోని సూక్ష్మజీవులతో రూట్ కెనాల్ విఫలం కావచ్చు.

కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలుండగా మైనంలో పంటి ఆకారం చెక్కడం దేనికని కొందరి ప్రశ్న. నమూనాలు రానివ్వండి, మంచిదే. కానీ ఫిల్లింగ్ పైన పంటి వాలును తిరిగి తేవాల్సింది వేళ్లే. ఆ వాలు వాటికి చెక్కితేనే పట్టుబడుతుంది.

అసలు ‘బేసిక్’ (మూల పాఠాలు), ‘క్లినికల్’ (రోగికి చేసే వైద్యం) అంటూ మధ్యలో గోడ కట్టింది మన పరీక్షలే. ఏ వృత్తి విద్యలోనైనా మార్కులు ఎటుంటే చదువు అటే పోతుంది. కాబట్టి ఆఖరి ఏడాదిలో డ్రిల్లు పట్టే ముందు, ఎక్స్‌రే చూసి ఆ పంటి పల్ప్ గదిని విద్యార్థి చేత గీయించాలి. పీకేసిన పన్ను అందుబాటులో ఉంటే నిలువునా కోసి లోపల ఏముందో చూపమనాలి. మార్కులు వీటికే వేయాలి.