మెషిన్ ఇచ్చారు సరే, కుట్టించుకునేదెవరు?

పది అడుగుల గదిలో మంచం పక్కన ఒక కుట్టు మెషిన్, దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద పిల్లల పుస్తకాలు, మందుల కవరు, ఒక ఫోన్ ఛార్జర్. నేను కళ్లారా చూసిన ఇల్లే ఇది. ఆ ఇంటావిడ మూడు నెలలు కుట్టు ట్రైనింగ్‌కి వెళ్లింది, సర్టిఫికెట్ వచ్చింది, ఉపాధి ప్రాజెక్టువాళ్లు మెషిన్ ఫ్రీగా ఇచ్చారు, ఇచ్చేటప్పుడు ఫొటో కూడా తీశారు. మరి ఎందుకు కుట్టట్లేదక్కా అంటే "కుట్టడం వచ్చమ్మా, కానీ నాతోపాటు నేర్చుకున్నవాళ్లు ఈ సందులోనే ఇరవై మంది ఉన్నాం, ఇంతమందికి కుట్టించుకునేవాళ్లు ఎక్కడ దొరుకుతారు" అంది.

నగరాల్లో పేద బస్తీల ఆడవాళ్ల కోసం ఉపాధి ప్రాజెక్టు అనగానే కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు, కొవ్వొత్తులు, ఎంబ్రాయిడరీ, ఎక్కడ చూసినా ఇవే ఉంటాయి. నేర్పడానికి తేలిక, ఒక గదిలో పాతిక మందిని కూర్చోబెట్టి నేర్పెయ్యొచ్చు, అందుకని పెడతారు, అమ్ముకోవడానికి తేలికేనా అన్నది ఎవరూ చూడరు. వీళ్ల సరుకు కొనాల్సింది పక్కింటివాళ్లే, వాళ్ల చేతిలోనూ డబ్బులుండవు, అలాంటి చోట ఒకే పని చేసేవాళ్లు ఇంకో పాతికమంది తయారైతే బస్తీలోకి కొత్త డబ్బేం రాదు, ఉన్న నాలుగు రూపాయలే ఇంకా ఎక్కువమంది పంచుకుంటారు. బడి యూనిఫారాలో, ఆసుపత్రి దుప్పట్లో, ఏదైనా సంస్థకి సంచులో, ముందు ఆర్డర్ చేతిలో పెట్టుకుని దానికి తగ్గట్టు ట్రైనింగ్ ఇస్తే కథ వేరేగా ఉంటుంది. కాకపోతే ఆర్డర్ తేవాలంటే కొనేవాళ్ల గుమ్మాల చుట్టూ తిరగాలి, క్వాలిటీకి పూచీ పడాలి, బిల్లు రాకపోతే పోట్లాడాలి, ఇదంతా కష్టమైన పని, క్లాసులు పెట్టినంత సులువు కాదు.

కొనేవాళ్లు అసలే లేరని కూడా కాదు. పీస్ రేటుకి, అంటే ఒక్కో ముక్కకి ఇంత అని, పని తెచ్చి ఇచ్చే మధ్యవర్తి ఉంటాడు, కాజాలు కుట్టడం, పూసలు గుచ్చడం, అట్టపెట్టెలు అతికించడం. పని ఇంట్లోనే కాబట్టి సౌకర్యం అంటారు గానీ కరెంటు పని చేసే ఆవిడదే, దారం ఆవిడదే, చోటూ ఆవిడదే, సరుకు బాలేదని వెనక్కిస్తే ఆ నష్టమూ ఆవిడదే, పైగా ఇదే పనికి పక్క వీధిలో ఎంత ఇస్తున్నారో తెలీదు కాబట్టి బేరం ఆడే వీలు ఉండదు. ఇలా ఇంటి దగ్గర పనిచేసేవాళ్లని కూడా మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒప్పందం తెచ్చింది, ఇన్నేళ్లయినా దాన్ని ఆమోదించిన దేశాలు చాలా తక్కువ. ఉపాధి ప్రాజెక్టులు నడిపేవాళ్లు ఈ పీస్ రేటు ఆడవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి ఎవరికి ఎంత వస్తోందో పలక మీద రాయించినా చాలు, అదే సగం ట్రైనింగ్ అని నా నమ్మకం.

ఇక అప్పుల సంగతి. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంక్ 1983లో బ్యాంకుగా ఏర్పడింది, 2006లో ఆ బ్యాంకుకీ దాన్ని పెట్టిన మహమ్మద్ యూనస్‌కీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఇక ఆడవాళ్లకి చిన్న లోన్ ఇస్తే చాలు, వాళ్లే పైకొస్తారు అన్న నమ్మకం ప్రపంచమంతా పాకిపోయింది. దాన్ని గట్టిగా పరీక్షించిన చోటు హైదరాబాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ముందుగా ఇలాంటి చిన్న లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించి, సగంలో తెరవకుండా ఉంచి పోల్చి చూసింది. 2015లో అచ్చయిన ఫలితాలు చూస్తే అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచుకున్నారు, కానీ మొత్తం మీద చూస్తే ఆడవాళ్లకి ఇంట్లో మాట చెల్లడంలోగానీ పిల్లల చదువులోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. లోన్ చెడ్డదని నేననను, అవసరానికి అక్కరకొస్తుంది, వడ్డీ వ్యాపారి కంటే నయం, కానీ దానికి సాధికారత అని పేరు పెట్టడం మాత్రం తొందరపాటే.

పైగా ఆ లోను కట్టే పద్ధతి చూడండి. చాలాచోట్ల తీసుకున్న వారం రెండు వారాల్లోనే మొదటి కిస్తీ, అంటే సరుకు కొని, అమ్మి, డబ్బు తిరిగి చేతికి వచ్చేలోపే కట్టాలి, అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, తీసుకున్న దాంట్లోంచే కొంత పక్కన పెట్టి కిస్తీలు కడతారు. కోల్‌కతాలో జరిగిన ఒక అధ్యయనంలో కొంతమంది ఆడవాళ్లకి మొదటి కిస్తీకి రెండు వారాల బదులు రెండు నెలల గడువిచ్చి చూశారు. వాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, మూడేళ్ల తర్వాత లాభాలూ ఎక్కువే ఉన్నాయి. ఎగవేతలు కూడా కొంచెం పెరిగాయి, అది దాచాల్సిన పని లేదు. ఆ రిస్కు ఎవరు మోయాలన్నదే ప్రశ్న, ఇప్పటిదాకా మాత్రం మొత్తం అప్పు తీసుకున్న ఆవిడ నెత్తినే వేశాం.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి ఉంది. శ్రీలంకలో చిన్న వ్యాపారాలకి తిరిగి కట్టక్కర్లేని సాయం ఇచ్చి చూస్తే మగవాళ్ల లాభాలు పెరిగాయి, ఆడవాళ్లవి పెరగలేదు. ఇది చూసి కొందరు ఆడవాళ్లకి వ్యాపారం చేతకాదు అనేదాకా వెళ్లారు. 2019లో వేరే పరిశోధకులు ఇండియా, శ్రీలంక, ఘనాల్లో జరిగిన ఇలాంటి అధ్యయనాల లెక్కలు మళ్లీ తీసి చూస్తే తేలిందేంటంటే, ఆ ఇంట్లో వ్యాపారం ఆవిడదొక్కటే అయినప్పుడు లాభం మగవాళ్లతో సమానంగానే వస్తోంది, ఇంకొకరి వ్యాపారం కూడా ఉంటే ఆవిడ పేరున వచ్చిన డబ్బు అందులోకి పోతోంది, ఎక్కువగా మొగుడి వ్యాపారంలోకి. అంటే లోను ఆవిడ పేర, సంతకం ఆవిడది, గ్రూపు మీటింగులో మాట పడేదీ ఆవిడే, పెట్టుబడి మాత్రం ఇంకొకరిది. ఇల్లంతటికీ లాభమే కదా అని అడ్డం వాదించొచ్చు, నిజమే, కానీ అప్పుడు దాన్ని కుటుంబానికి సాయం అని చెప్పాలి, ఆవిడకి సాధికారత అని చెప్పకూడదు.

టైమ్ గురించి కూడా మాట్లాడాలి. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలీని బస్తీలో ఆడమనిషి పొద్దున్న పూట ఎక్కడికీ కదలలేదు, చంటిపిల్ల ఉంటే అసలే కదలలేదు, అలాంటి మనిషికి రోజూ నాలుగు గంటల క్లాసు పెట్టి మధ్యలో మానేస్తే శ్రద్ధ లేదని రాస్తారు. కెన్యా రాజధాని నైరోబీలోని కొరొగోచో అనే బస్తీలో కొందరు తల్లులకి పిల్లల్ని డేకేర్‌లో పెట్టుకోవడానికి ఖర్చు భరించి చూశారు, వాళ్లకి ఏ పనీ నేర్పలేదు, లోనూ ఇవ్వలేదు, అయినా పనికెళ్లే తల్లులు పెరిగారు. నన్నడిగితే ఒక బస్తీకి ఇవ్వగలిగిన మంచి ఉపాధి ప్రాజెక్టు నమ్మకమైన పిల్లల సంరక్షణ కేంద్రమే, పైగా దాన్ని నడిపే ఉద్యోగాలు కూడా ఆ బస్తీ ఆడవాళ్లకే వస్తాయి.

కొత్త పని నేర్పితేనే ఆదాయం వస్తుందన్న ఆలోచన కూడా మారాలి. బస్తీల్లో ఆడవాళ్లు ఖాళీగా ఏం లేరు, ఇళ్లల్లో పని, రోడ్డు పక్క అమ్మకం, చెత్త ఏరడం, ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు, ఆ పనికి గుర్తింపు లేదు అంతే. పుణేలో చెత్త ఏరుకునేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే, 1993లో యూనియన్‌గా ఏర్పడ్డారు, గుర్తింపు కార్డులు సాధించుకున్నారు, 2008లో వాళ్ల సొంత సహకార సంఘం స్వచ్ఛ్ మున్సిపాలిటీతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ మొదలుపెట్టింది. చెత్త పని వాళ్లకి ముందే వచ్చు, కొత్తగా వచ్చిందల్లా ఒక కార్డు, ఒక ఒప్పందం, ఇంటి గుమ్మం దగ్గర నెలనెలా అడిగి తీసుకునే ఫీజు. అలాగని అంతా సాఫీగా జరిగిపోయిందని కాదు, ఒప్పందం రెన్యువల్ అంటే మళ్లీ పోరాటమే. అంతకుముందు 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు సొంతంగా పని చేసుకునే ఆడవాళ్ల సంఘం 'సేవా'ని ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ చేయించబోతే యజమానే లేనప్పుడు యూనియన్ ఏంటని అధికారులు ఒప్పుకోలేదు, పట్టుబట్టి చేయించారు, రెండేళ్లకే, 1974లో, సభ్యుల సొంత బ్యాంకు కూడా పెట్టుకున్నారు. అక్కడ మొదటి మెట్టు పదిమందీ ఒక్కటవడం, లోను తర్వాత సంగతి.

అందుకే ఏ ప్రాజెక్టు గురించి విన్నా నేను ఎన్ని మెషిన్లు ఇచ్చారని అడగడం మానేశాను. ఏడాది తర్వాత కూడా నెలకి ఎంత వస్తోంది, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటోంది, ఆవిడ ఎవర్నీ అడక్కుండా ఎంతవరకు ఖర్చు పెట్టగలదు, ఇవి కావాలి.

మొదట చెప్పిన ఆవిడ దగ్గరికి మొన్న మళ్లీ వెళ్లాను. ఇప్పుడు ఒక యూనిఫారాల ఆర్డర్‌లో కాలర్లు కుడుతోంది, దుప్పటి తీసేసింది, పుస్తకాలు కిటికీ మీదకి చేరాయి. డబ్బులు సొంత అకౌంట్లోనే పడుతున్నాయట, కానీ ఎంత పడిందో రాత్రి ఆయన ఇంటికొచ్చి చెప్తేగానీ తెలీదు, ఎందుకంటే అకౌంటుకి ఇచ్చింది ఆయన ఫోన్ నంబరు. మార్పించుకోవచ్చుగా అక్కా అన్నాను. "బ్యాంకుకి పోవాలంటే ఒక పూట పని పోతుందమ్మా, ఈ లాట్ అయిపోనీ" అని మళ్లీ మెషిన్ తొక్కడం మొదలుపెట్టింది.