డిస్కులు చావలేదురా బాబూ, పేరు మారిందంతే

మొన్న రాత్రి మా బామ్మర్ది ఫోన్, "బావా, సిస్టమ్ లేవట్లేదు, పెళ్ళిళ్ళ ఫుటేజ్ మొత్తం అందులోనే ఉంది" అని. వాడికి వైజాగ్ డాబాగార్డెన్స్‌లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. 4 టీబీ డిస్కులు నాలుగు పెట్టి ఉబుంటు లినక్స్‌లో ఎండీఆడమ్ అనే టూల్‌తో రైడ్ 5 (అన్ని డిస్కుల్నీ కలిపి ఒక్క పెద్ద డిస్కులా వాడే పద్ధతి) కట్టిచ్చింది నేనే. 12 టీబీ వాడుకోవచ్చు, ఒక డిస్కు పోయినా డేటా పోదు అని అప్పట్లో పెద్ద లెక్చర్ కూడా పీకా.

ఎంవీపీ కాలనీ నుంచి బండేసుకుని వెళ్ళేసరికి పక్క షాపు టెక్నీషియన్ ఆల్రెడీ కీబోర్డ్ ముందు కూర్చుని ఉన్నాడు, "డిస్కులు పోయాయండి, మళ్ళీ క్రియేట్ కొట్టేద్దాం" అంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ క్రియేట్ కమాండ్ పాత రైడ్‌ని లేపదు నాయనా, కొత్తది కడుతుంది! డిస్కుల వరస తప్పినా, చంక్ సైజు (ఒక్కో డిస్కులో ఒక్కోసారి రాసే ముక్క సైజు) తేడా వచ్చినా, డేటా ఎక్కడ మొదలవ్వాలో ఆ ఆఫ్‌సెట్ వేరేది పడినా (ఎండీఆడమ్ వెర్షన్‌ని బట్టి ఇది మారుతుంది కూడా) వెంటనే డిస్కుల్ని ఒకదానికొకటి సరిచేసే సింక్ మొదలై ఉన్నదాని మీదే రాసుకుంటూ పోతుంది. అప్పుడు నిజంగానే పోతాయి, పెళ్ళిళ్ళన్నీ.

లేపి నేను కూర్చున్నా. బూట్‌లో 1 నిమిషం 30 సెకన్లు ఏదో డివైస్ కోసం ఎదురుచూసి, విసుగొచ్చి ఎమర్జెన్సీ మోడ్‌లో (రిపేరు చేసుకోమని ఆగిపోయే స్క్రీన్‌లో) పడుతోంది. ముందు నా అనుమానం కేబుల్స్ మీదే, మన వైజాగ్ ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్లే తుప్పు పట్టిపోతాయి, సాటా కనెక్టర్ ఎంత. కాదు, కేబుల్స్ బానే ఉన్నాయి. రైడ్ పరిస్థితి చూపించే ఎండీస్టాట్ ఫైల్ తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు, నాలుగు డిస్కులకీ నాలుగు యూలు (యూ అంటే ఆ డిస్కు బానే ఉన్నట్టు), రైడ్ నిక్షేపంలా నడుస్తోంది. కాకపోతే దాని పేరు ఎండీ0 కాదు, ఎండీ127.

తప్పు నాదేనండీ. రైడ్ కట్టిన రోజు ఎండీ0 అని పేరు పెట్టి, బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో అదే పేరు రాసేసి, మౌంట్ అయ్యింది కదా అని చేతులు దులుపుకుని టీ తాగి వచ్చేశా. ఎండీఆడమ్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫ్ ఫైల్‌లో ఒక్క లైను రాయలేదు. అందులో లేని రైడ్ బూట్‌లో కనిపిస్తే సిస్టమ్ తనకి తోచిన నంబరు ఇస్తుంది, అది 127 నుంచి మొదలై కిందికి దిగుతుంది. ఎఫ్‌స్టాబ్ పాపం ఎండీ0 ఏదీ ఏదీ అని వెతుక్కుంటూ కూర్చుంది. మరి ఇన్ని నెలలు ఎందుకు బయటపడలేదంటారా, యూపీఎస్ పుణ్యమా అని ఆ మెషీన్ ఒక్కసారి కూడా రీబూట్ అవ్వలేదు. ఆ రోజు కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది.

అందుకే అంటున్నా, రైడ్ కట్టి ఒక్కసారైనా రీబూట్ చేసి చూడకుండా డేటా పోసేవాడు నాలాంటి వెధవ. దానికి ఏం టైమ్ పట్టదు, రెండు నిమిషాలు.

సరే, సరి చేయడం చిన్న పనే. ఎండీఆడమ్ డీటెయిల్ స్కాన్ కమాండ్ రైడ్ గురించి ఇచ్చిన లైను కాన్ఫ్‌లో వేశా, తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కమాండ్ కొట్టా. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు, బూట్ మొదట్లో చదివేది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (లినక్స్ లేచేటప్పుడు ముందు లోడ్ అయ్యే చిన్న మూట) లోపలున్న కాపీని, అక్కడ పాతదే ఉంటే మీరు బయట ఎంత అందంగా రాసినా ఏం లాభం. ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ పేరు తీసేసి యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు నంబరు) పెట్టా, పక్కన నోఫెయిల్ అనే ఆప్షన్ కూడా, రేపు రైడ్ రాకపోయినా కనీసం సిస్టమ్ లేస్తుంది. ఇక్కడ ఇంకో గొడవ, యూయూఐడీలు రెండుంటాయి, రైడ్‌ది కోలన్లతో ఉంటుంది, ఫైల్‌సిస్టమ్‌ది హైఫన్లతో ఉంటుంది, ఎఫ్‌స్టాబ్‌కి కావాల్సింది రెండోది.

మూడుసార్లు రీబూట్ చేశా, మూడుసార్లూ ఎండీ0 గానే వచ్చింది. రైడ్ అంటే బ్యాకప్ కాదురా, ఫైల్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోనూ పోతుంది, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొను అని బామ్మర్దికి చెప్పా. "ఈ సీజన్ అవ్వనీ బావా" అంటున్నాడు.