సారంగి కావాలట, వాయించే పిల్లాడు మాత్రం గేటు దగ్గరే ఉండాలట

రాత్రి పదకొండు దాటింది. కాఠ్మండులో చలి ఎముకలు కొరుకుతోంది. ఇప్పుడే ఒక పెళ్లి రిసెప్షన్ నుంచి వచ్చాం. కట్టుకున్న పట్టుచీర కూడా మార్చుకోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. తెల్లారితే కోపం కాస్త చల్లారుతుంది. అది చల్లారకముందే రాయాలి.

మావారి ఆఫీసులో ఒక పెద్దాయన కూతురి పెళ్లి. నెల కిందట ఆయన భార్య నన్ను పిలిచి, "మీరు సారంగి నేర్చుకుంటున్నారట కదా, రిసెప్షన్‌లో కుర్రాళ్ల చేత మన పాత వాయిద్యాలు పెట్టిద్దామనుకుంటున్నాం, ఎవరైనా తెలుసా?" అన్నారు. నాకెంత సంతోషం వేసిందో! నాకు పాఠం చెప్పే అబ్బాయితో మాట్లాడాను. ఇరవై మూడేళ్లవాడు, నన్ను దిదీ అంటాడు, అంటే అక్కా అని. అతను సారంగి, ఇద్దరు స్నేహితులు మాదల్ అనే చేతి డోలు, బాసురీ అనే వేణువు. ముగ్గురికీ కలిపి పదిహేను వేల నేపాలీ రూపాయలు. మన డబ్బుల్లో తొమ్మిది వేల చిల్లర. గంటన్నర వాయించాలి. ఆ గంటన్నర కోసం వాళ్లు మూడు వారాలు సాధన చేశారు. పెళ్లికూతురి అమ్మమ్మ వాళ్ల ఊరి వైపు పాటలేవో కనుక్కుని మరీ నేర్చుకున్నారు.

తీరా వెళ్లి చూస్తే వాళ్లను స్టేజీ మీద కూర్చోబెట్టలేదు. పార్టీ ప్యాలెస్ గేటు దాటగానే, పానీపూరీ స్టాల్ పక్కన ఒక కార్పెట్ ముక్క వేశారు. ముగ్గురికీ ఒకటే మైకు. లోపల డీజే అప్పటికే మొదలైపోయాడు. మన ఇళ్లలో పక్కవాళ్లు మిక్సీ వేస్తుంటే రేడియో వినడానికి ప్రయత్నిస్తామే, అలా ఉంది ఆ పిల్లల పరిస్థితి. అయినా కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నారు. సరిగ్గా ఇరవై నిమిషాలకు బంధువు ఒకాయన వచ్చి ఆపమన్నాడు. ఆపి వెళ్లిపొమ్మనలేదు. "వాయించక్కర్లేదు, సారంగి పట్టుకుని కూర్చో చాలు, వీడియోలో పడాలి" అన్నాడు.

వాయించక్కర్లేదట. పట్టుకుని కూర్చుంటే చాలట.

ఆ తర్వాత గంటసేపు వచ్చిన ప్రతివాళ్లూ వాళ్ల పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒకాయన మోమో తిన్న చేతులతోనే నాకు పాఠం చెప్పే అబ్బాయి ఒళ్లోంచి సారంగి లాక్కుని, గిటార్ పట్టుకున్నట్టు అడ్డంగా పట్టుకుని ఫోజు పెట్టాడు. సారంగికి కింది సగం చర్మం కప్పి ఉంటుంది. ఆ చర్మానికి తడి తగిలితే, నూనె తగిలితే నాదం మారిపోతుంది. ఆ అబ్బాయి ముఖం నేను చూశాను. ఒక్క మాట అనలేదు. ఎత్తుకున్న పసిపిల్లను ఎవరో తెలియనివాళ్లు లాక్కుపోతే తల్లి ఎలా చూస్తుందో, అలా చూస్తూ ఉండిపోయాడు.

అసలు అది ఎలాంటి వాయిద్యమో ముందు చెప్పాలి. మన వైపు సారంగి అంటే హిందూస్థానీ కచేరీల్లో కనిపించే పెద్ద సారంగి అనుకుంటారు. ఇది వేరు. ఆ పెద్ద సారంగికి ముప్పై పైచిలుకు తీగలు. దీనికి నాలుగే. ఖిర్రో అనే చెట్టు మాను ముక్క ఒకటి తీసుకుని, అతుకు లేకుండా మొత్తం వాయిద్యాన్ని అందులోంచే తొలుస్తారు. పైభాగం బోలుగా తెరిచే ఉంటుంది, కింది భాగానికి తోలు. ఒకప్పుడు గొర్రె పేగుతో చేసిన తీగలు వేసేవాళ్లు, ఇప్పుడు నైలాన్, స్టీలు. ఎడమ చేతి వేళ్లతో తీగను నొక్కరు. గోటిని పక్కనుంచి తీగకు ఆనించి స్వరం పుట్టిస్తారు. మొదటి రెండు నెలలు నా గోళ్ల మొదట్లో చర్మం చిట్లిపోయేది, కూరలో ఉప్పు కారం కలపాలంటే భయం వేసేది. ఒక్కో స్వరం ఎక్కడుందో చెప్పే గీత, మెట్టు ఏమీ ఉండవు. చెవే దారి. ఏడాదిన్నర అయింది, ఒక చిన్న పాట శ్రుతి తప్పకుండా పూర్తిగా వాయించడం ఈ దసైన్ పండక్కి వచ్చింది. ఆ పిల్లాడు దాన్ని ఏడేళ్ల వయసు నుంచీ వాయిస్తున్నాడు. అతని తాత ఇదే సారంగి భుజాన వేసుకుని కొండలెక్కి ఊరూరా తిరిగాడు.

ఈ వాయిద్యం గంధర్వులది, అంటే పాటలు పాడుతూ ఊరూరా తిరిగే ఇక్కడి ఒక కులం వాళ్లది. వాళ్లను గాయినే అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట వాళ్లకు నచ్చదు, నచ్చనక్కర్లేదు కూడా. రేడియో లేని కాలంలో నేపాల్ కొండల్లో వార్త అంటే వాళ్లే. ఎక్కడ యుద్ధం జరిగింది, ఏ రాజు గెలిచాడు, విదేశీ సైన్యంలో చేరిన ఎవరి కొడుకు తిరిగి రాలేదు, అంతా పాట కట్టి గడప గడపకూ మోసుకొచ్చేవాళ్లు. వీరగాథలను కర్ఖా అంటారు. పోఖరా దగ్గర బాటులేచౌర్ అనే ఊరుంది, గంధర్వుల ఊరు. 2003లో పోయిన ఝలక్‌మాన్ గంధర్వ అక్కడివాడే. సైనికుడి చావు కబురు తల్లికి ఎలా చెప్పాలో పాడి, రేడియో నేపాల్ ద్వారా దేశం మొత్తాన్ని ఏడిపించినవాడు. వలస అంటే ఏంటో పాలమూరులో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు నేపాలీ సగమే అర్థమయ్యేది, అయినా వంటగదిలో నిలబడి ఏడ్చాను.

ఇదంతా మ్యూజియంలో చూసి మురిసిపోవాల్సిన పాత ముచ్చట అనుకోకండి. త్రిపురేశ్వర్‌లో రామ్ ప్రసాద్ కడేల్ గారు పెట్టిన జానపద వాయిద్యాల మ్యూజియం నిజంగా గొప్ప పని, కాఠ్మండు వస్తే తప్పకుండా చూడండి. కానీ అద్దాల పెట్టెలో ఉన్న వాయిద్యం పాడదు కదా. పాడిస్తున్నది పిల్లలు. 2004లో మొదలైన ‘కుటుంబ’ అనే బ్యాండును చూడండి. సారంగి, తీగలు మీటి వాయించే తుంగ్నా, బాసురీ, మాదల్, ధిమే, ఒక్క ఎలక్ట్రిక్ గిటార్ లేకుండా హాళ్లు నింపారు. జీన్స్ వేసుకున్న కుర్రాళ్లు తుంగ్నా పట్టుకుని స్టేజీ ఎక్కితే చూడ్డానికి జనం టికెట్ కొనుక్కుని వస్తారని వాళ్లే చూపించారు. అందులో సారంగి వాయించే కిరణ్ నేపాలీ ప్రాజెక్ట్ సారంగి పెట్టి, కులంతో సంబంధం లేకుండా ఎవరికైనా నేర్పే పని ఎత్తుకున్నాడు. నైట్ అనే బ్యాండు పివాంచాను మళ్లీ వినిపించింది. పివాంచా కాఠ్మండు లోయ మూలవాసులైన నేవార్ల పాత వాయిద్యం, దాదాపు కనుమరుగైపోయిన స్థితిలో ఉన్నది. ధిమే అయితే ఒకప్పుడు నేవార్లలో రైతు కులమైన జ్యాపు మగవాళ్లు మాత్రమే మోసి వాయించే పెద్ద డోలు. ఇప్పుడు జాత్రల్లో చూడండి, నల్లచీర ఎర్ర అంచు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడి దాన్ని మోగిస్తుంటే వీధి అదిరిపోతుంది. నాకు ఆ దృశ్యం చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఇంత చేస్తున్న పిల్లలకు మనం ఇచ్చేది పానీపూరీ స్టాల్ పక్కన కార్పెట్ ముక్కా?

ఇంకో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "సంస్కృతిని కాపాడుతున్నారు బాబూ, మీరు చాలా గొప్పవాళ్లు." డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడే ఈ మాట పుట్టుకొస్తుంది. డీజేకి ఎవరూ ఈ మాట చెప్పరు, అడ్వాన్సు ఇస్తారు. ఫొటోగ్రాఫర్‌కి చెప్పరు, బిల్లు కడతారు. ఈ పిల్లలకు మాత్రం పొగడ్త ఇచ్చి, సోషల్ మీడియాలో ట్యాగ్ చేస్తామని చెప్పి, సగం పైకం తర్వాత చూద్దాం అంటారు. ఇవాళ్టి పదిహేను వేలల్లో చేతికి వచ్చింది ఏడు వేలు. "ఇరవై నిమిషాలే వాయించారు కదా" అన్నారట! ఆపమన్నది ఎవరు? పట్టుకుని కూర్చోమన్నది ఎవరు? ఆ కూర్చున్న గంటకు లెక్క లేదా? మాదల్ వాయించే అబ్బాయి వచ్చే నెల కతార్ వెళ్లిపోతున్నాడు. వీసా వచ్చేసింది. అంత చక్కటి చేయి రేపు అక్కడ సిమెంటు బస్తాలు మోస్తుంది. అప్పుడు అందరూ "అయ్యో, మన కళలు పోతున్నాయి" అంటారు.

నేను బయటిదాన్ని, ఈ దేశం వాళ్ల గురించి మాట్లాడటానికి నువ్వెవరివని అడిగేవాళ్లకు కూడా ఇప్పుడే చెబుతున్నాను. నా సొంత ఊళ్లోనూ ఇదే చూశాను. చిన్నప్పుడు మా వాడకు కిన్నెర పట్టుకుని డక్కలి కులం ముసలాయన ఒకాయన వచ్చేవాడు. సొరకాయ బుర్రల మీదుగా అంత తీయటి నాదం ఎలా వస్తుందో అని నోరు తెరుచుకుని చూసేదాన్ని. మా నాయనమ్మ చేటలో వడ్లు తెచ్చి, దూరంగా నిలబడి, ఆయన జోలెలో ఎత్తి పోసేది. దగ్గరికి వెళ్తే నన్ను రెక్క పట్టి వెనక్కి లాగేది. మా పాలమూరు బిడ్డ దర్శనం మొగిలయ్య గారికి 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఊరంతా పండగ చేసుకుంది. రెండేళ్లకు అదే మనిషి కూలి పని చేస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ఆ వీడియో చూసిన రోజు నాకు గుర్తొచ్చింది మా నాయనమ్మ చేట. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ కూడా అదే చేట చూస్తానని అనుకోలేదు.

అవును, అసలు నన్ను కుదిపేసింది ఫొటోలు కాదు, డబ్బు కాదు. భోజనం.

ఫొటోలన్నీ అయ్యాక ఆ పిల్లలు ప్లేట్లు తీసుకోబోతుంటే ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి నవ్వుతూనే అడిగింది, "బాబూ, థర్ ఏంటి?" థర్ అంటే ఇంటిపేరు. నాకు సారంగి నేర్పే మావాడు "నేపాలీ" అన్నాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, నేపాల్ వాళ్లకు నేపాలీ అని ఇంటిపేరేమిటి అనుకున్నాను. తర్వాత తెలిసింది. గంధర్వులు, ఇంకా కొన్ని దళిత కులాల వాళ్లు పెట్టుకునే పేరు అది. దేశం పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నా, అదే పేరు వాళ్ల కులాన్ని పట్టిస్తోంది. ఆ ఆవిడ నవ్వు అలాగే ఉంది. "మీకు వెనకాల పెట్టిస్తాను నాన్నా" అంది. వెనకాల అంటే గిన్నెలు కడిగే చోట. నేపాలీలో ఎదుటివాళ్లను పిలవడానికి మూడు మెట్లున్నాయి, తపాయీఁ, తిమీ, తఁ. సాయంత్రం నుంచీ మావాడితో వాళ్లంతా తిమీ అంటూ వచ్చారు. ఆ ఇంటిపేరు విన్నాక తఁ మొదలైంది. మన "ఒరేయ్"లాంటిదే అది.

ఇదేం కొత్త కాదు. ఇక్కడి పెళ్లిళ్లకు పంచే బాజా అనే మేళం శుభం. సనాయి, నర్సింగా, దమాహా మోగకపోతే పెళ్లి కళే రాదంటారు. వాటిని మోగించేది దమాయీలు అనే దళిత కులం వాళ్లు. తరతరాలుగా పెళ్లి ఊరేగింపు ముందు నడిచిందీ వాళ్లే, ఇంటి లోపలికి అడుగు పెట్టనివ్వనిదీ వాళ్లనే. చట్టం ఎప్పుడో మారింది. 1963లోనే కులభేదాన్ని చట్టం నుంచి తీసేశారు. 2011లో అంటరానితనాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చారు. 2015 రాజ్యాంగంలోనూ రాశారు. కానీ 2021లో ఇదే కాఠ్మండులో, టీవీలో పనిచేసే ఒక దళిత అమ్మాయి అద్దెకు గది అడిగితే కులం తెలిశాక ఇవ్వలేదని పోలీసుల దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. మావాడు రెండేళ్లలో మూడు గదులు మారాడు. ఒకసారి ఇల్లుగల వాళ్లకు సారంగి శబ్దం ఇబ్బంది అన్నారట. పక్క గదిలో కుర్రాడు రాత్రి పన్నెండు దాకా స్పీకర్ పెట్టి పాటలు వింటే మాత్రం ఇబ్బంది లేదు. ఆ సంగతి మావాడు నాతో చెప్పింది పాఠం మధ్యలో, తీగ బిగిస్తూ, తల ఎత్తకుండా.

నేనా ప్లేటు అక్కడే పెట్టేశాను. ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లి "వాళ్లు మాతో తింటారు, మా టేబుల్ దగ్గర" అన్నాను. ఆవిడకు నా నేపాలీ అర్థం కాలేదన్నట్టు చూసింది. మావారు ముగ్గురినీ భుజాల మీద చేతులేసి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ మా టేబుల్ దగ్గరున్న ఇద్దరు లేచి వేరే చోటికి వెళ్లారు. ఎవరు లేచారో నేను చూసుకున్నాను. ఆఫీసు బంధాలు చెడతాయని మావారిని ఎవరైనా అంటే అననివ్వండి.

ఆ పిల్లలు అన్నం కలుపుకుంటూ కూడా మాట్లాడలేదు. నా మాట నమ్మి వచ్చారు వాళ్లు. పిలిచింది నేను. అది నా గుండెలో ముల్లులా ఉంది. ఇంటికి తీసుకెళ్లడానికి ట్యాక్సీ పిలుస్తానంటే వద్దన్నారు, నడిచే వెళ్లారు. ఆ చలిలో సారంగిని తన జాకెట్ లోపల దాచుకుని వెళ్లాడు, తోలుకు మంచు తగలకూడదని.

ఇందాకే మెసేజ్ వచ్చింది. "దిదీ, రేపు పొద్దున ఏడింటికి క్లాస్ ఉందా?" అని. ఉంది అని పెట్టాను. మిగిలిన ఎనిమిది వేల కోసం రేపు పొద్దున ఆ పెద్దాయన ఇంటికి నేనే వెళ్తున్నాను. ఫోన్ చేయను, వెళ్తాను.